తెలివి వేరు, నమ్మకం వేరు: రాజకీయ విశ్లేషకుల విషయంలో మనం దేని గురించి కొట్లాడుతున్నాం?

2024 మే నెలలో, లోక్‌సభ ఎన్నికల పోలింగ్ చివరి దశల్లో ఉండగా, ఎన్నికల విశ్లేషకుడు యోగేంద్ర యాదవ్ ఒక లెక్క చెప్పారు. బీజేపీకి సొంతంగా 240 నుంచి 260 సీట్లు, మిత్రపక్షాలకు 35 నుంచి 45. అప్పటికి ఎక్కడ చూసినా ఎన్డీయేకు నాలుగొందలు అన్న మాటే నడుస్తోంది కాబట్టి, ఇది అంచనా కాదు, ఆయన ఆశ అని చాలామంది కొట్టిపారేశారు. జూన్ 4న బీజేపీకి సరిగ్గా 240 వచ్చాయి. ఆ సాయంత్రానికల్లా యాదవ్ దేశంలోకెల్లా తెలివైన విశ్లేషకుడైపోయారు. కొద్ది నెలలకే హరియాణా అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. అక్కడ కాంగ్రెస్ గెలుపులో సందేహం లేదని, తేలాల్సింది అది గాలా, తుఫానా, సునామీయా అన్నదొక్కటేనని ఆయన చెప్పారు. అక్టోబర్ 8న మొత్తం 90 సీట్లలో బీజేపీకి 48, కాంగ్రెస్‌కు 37 వచ్చాయి. జూన్‌లో మేధావి అయిన మనిషి అక్టోబర్‌లో పార్టీ ఏజెంటు అయ్యారు.

మనిషి అదే మనిషి. చదువు, అనుభవం, రాజకీయ అభిప్రాయాలు ఏవీ మారలేదు. నాలుగు నెలల్లో ఎవరి తెలివీ అంతగా పెరిగి తరిగిపోదు. ఇంకో సంగతి కూడా ఉంది. జూన్‌లో మిత్రపక్షాల గురించి ఆయన చెప్పిన లెక్క తప్పింది. ఎన్డీయేకు మొత్తం 293 వచ్చాయంటే మిత్రపక్షాలవి 53. అందులో మన టీడీపీవే 16. కానీ 240 అన్న అంకె అచ్చంగా నిజం కావడంతో ఆ తప్పు ఎవరి కంటా పడలేదు.

ఇలాంటి గొడవ తెలుగులో రోజూ జరిగేదే. ఒక డిబేట్ క్లిప్ బయటికొస్తే చాలు, "సార్ చెప్పిందే జరుగుద్ది" అని ఒకరు, "ఈయనకు బుర్ర లేదు" అని ఇంకొకరు, "పేమెంట్ అందింది" అని మూడోవారు, "పేటీఎం బ్యాచ్" (డబ్బు తీసుకుని పోస్టులు పెట్టేవాళ్లు) అని నాలుగోవారు. వీళ్లందరూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నట్టు కనిపిస్తుంది. నిజానికి వీళ్లు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఆ ప్రశ్నలు నాలుగు.

ఆయనకు విషయం తెలుసా? తెలిసినదాన్నుంచి సరైన నిర్ధారణకు రాగలరా? తాను నిజమని నమ్మిందే మనకు చెబుతున్నారా? ఆయన ఎవరన్నది పక్కనబెడితే, చెప్పిన మాట నిలబడుతుందా? మొదటిది పరిజ్ఞానం, రెండోది విచక్షణ, మూడోది నిజాయితీ. నాలుగోది మనిషికి సంబంధించిన ప్రశ్నే కాదు, వాదనకు సంబంధించింది. తెలివి అనేటప్పుడు మనం మొదటి రెండింటినీ కలిపేస్తాం. విశ్వసనీయత అనేటప్పుడు రెండో దాన్నీ మూడో దాన్నీ కలిపేస్తాం. ఒకదానికి చూపించిన రుజువు ఇంకోదానికి చెల్లదు. డబ్బు తీసుకున్నాడని రుజువైతే తెలివి లేదని తేలినట్టు కాదు. పెద్ద చదువులు చదివాడంటే నిజమే చెబుతున్నాడనీ కాదు.

ఒక్క వాక్యంలో నాలుగు రకాల మాటలు

విశ్లేషకులు మాట్లాడే తీరులోనే ఒక చిక్కు ఉంది. టీవీలో తరచూ వినిపించే తరహాలో ఒక వాక్యం రాసి చూద్దాం: "జనసేన పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ గెలిచింది. పొత్తులో ఓట్లు పూర్తిగా బదిలీ కావడమే దానికి కారణం. రాష్ట్రానికి ఇది మంచి పరిణామం. 2029లోనూ ఇదే జరుగుతుంది."

నాలుగు ముక్కలూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో వస్తాయి. కానీ వాటిని పరీక్షించే దారులు వేరు. మొదటిది వాస్తవం. 2024 ఫలితాల పట్టిక తెరిస్తే నిమిషంలో తేలిపోతుంది, అది నిజం కూడా. రెండోది కారణం గురించిన మాట. ఓట్లు బదిలీ అయ్యాయా, లేక ప్రభుత్వ వ్యతిరేకతే అన్ని చోట్లా పనిచేసిందా అన్నది సీట్ల పట్టిక చెప్పదు. బూత్ స్థాయి లెక్కలు, పోలింగ్ తర్వాత చేసిన సర్వేలు కావాలి. అవి ఉన్నా నిజాయితీపరులే విభేదించుకోవచ్చు. మూడోది విలువల గురించిన తీర్పు. దాన్ని ఏ లెక్కా తప్పనీ ఒప్పనీ తేల్చలేదు. నాలుగోది జోస్యం. దానికి కాలమే సాక్ష్యం.

ఆన్‌లైన్ వాదనల్లో ఎక్కువగా జరిగేదేమిటంటే, ఒకరు మొదటి ముక్కను పట్టుకుని "కరెక్టే చెప్పాడుగా" అంటారు. ఇంకొకరు మూడో ముక్క నచ్చక "వీడికేం తెలుసు" అంటారు. విలువల దగ్గర మనతో విభేదించిన మనిషి వాస్తవాల దగ్గర కూడా అబద్ధాలకోరే అనిపించడం చాలా సహజం. 1920లోనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ దీనికి దగ్గరి సంగతిని గమనించారు. సైన్యంలో అధికారులను కింది ఉద్యోగుల గుణాలకు విడివిడిగా మార్కులు వేయమంటే, ఒక గుణంలో ఎక్కువ వేసినవాళ్లకు సంబంధం లేని గుణాల్లోనూ ఎక్కువ వేశారు. మంచి ఇంగ్లిష్, గంభీరమైన గొంతు, పేరు కింద "సీనియర్ జర్నలిస్ట్" అన్న పట్టీ మన మీద ఇలాగే పనిచేస్తాయి.

లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా తడబడిన ప్రయోగం

"అంత తెలివైనవాడు అలా ఎలా మాట్లాడతాడు?" అని మనం ఆశ్చర్యపోతుంటాం. తెలివి పెరిగేకొద్దీ పక్షపాతం తగ్గుతుందన్న నమ్మకం ఆ ఆశ్చర్యం వెనక ఉంది. 2013లో యేల్ యూనివర్సిటీకి చెందిన డాన్ కహాన్, ఆయన సహచరులు ఈ నమ్మకాన్నే పరీక్షించారు. అందులోని లెక్కను మీరూ ఒకసారి వేసి చూడండి.

చర్మం మీద దద్దుర్లకు ఒక కొత్త క్రీమ్ వచ్చింది. క్రీమ్ రాసుకున్నవాళ్లలో 223 మందికి తగ్గింది, 75 మందికి ఎక్కువైంది. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గింది, 21 మందికి ఎక్కువైంది. క్రీమ్ పనిచేస్తోందా?

223 అన్న అంకె పెద్దది కాబట్టి పనిచేస్తోందనే అనిపిస్తుంది. కానీ చూడాల్సింది నిష్పత్తి. రాసుకున్నవాళ్లు మొత్తం 298 మంది, వాళ్లలో తగ్గినవాళ్లు దాదాపు 75 శాతం. రాసుకోనివాళ్లు 128 మంది, వాళ్లలో తగ్గినవాళ్లు దాదాపు 84 శాతం. అంటే క్రీమ్ రాసుకోకపోవడమే నయం. ఎక్కువమంది దీన్ని తప్పు చెప్పారు. లెక్కల్లో గట్టివాళ్లు మాత్రం మిగతావాళ్లకన్నా మెరుగ్గా పట్టుకున్నారు. ఇంతవరకు వింతేమీ లేదు.

తర్వాత అవే అంకెలు ఉంచి, క్రీమ్ బదులు తుపాకుల నియంత్రణ చట్టం, దద్దుర్ల బదులు నేరాలు అని మార్చారు. అమెరికాలో అది పార్టీలను నిలువునా చీల్చే అంశం. సరైన జవాబు తమ పార్టీ అభిప్రాయానికి అనుకూలంగా ఉన్నప్పుడు లెక్కలు వచ్చినవాళ్లు జాగ్రత్తగా లెక్కవేసి సరిగ్గా చెప్పారు. వ్యతిరేకంగా ఉన్నప్పుడు వాళ్లలోనే చాలామంది పైపైన కనిపించే తప్పు జవాబు దగ్గరే ఆగిపోయారు. రెండు పార్టీలవాళ్ల మధ్య దూరం లెక్కలు రానివాళ్లలో కన్నా బాగా వచ్చినవాళ్లలోనే ఎక్కువగా ఉంది.

దీని అర్థం తెలివి పనికిరాదని కాదు. తెలివి ఏ వైపు వాడితే ఆ వైపు పనిచేస్తుంది. ముందే ఒక నిర్ణయానికి వచ్చిన మనిషికి తెలివి ఎక్కువుంటే, ఆ నిర్ణయాన్ని కాపాడే కారణాలు కూడా ఎక్కువే దొరుకుతాయి. ఒక విశ్లేషకుడు ఎంత తెలివైనవాడో నిరూపించి ఆయన మాట నిజమని తేల్చాలనుకునే వాదన ఇక్కడే కూలిపోతుంది. ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసిన కొందరు పరిశోధకులకు ఇంత బలమైన ఫలితం రాలేదు, కాబట్టి ఇదే ఆఖరి మాట అనలేం. అయినా తెలివి ఉంటే పక్షపాతం ఉండదని భరోసాగా చెప్పే ఆధారమైతే లేదు.

టీవీ పిలిచే మనిషి, సరిగ్గా చెప్పే మనిషి

విశ్లేషకుల జోస్యాలను ఓపిగ్గా కూడబెట్టి, తర్వాత జరిగినదానితో పోల్చిన పని ఒకటుంది. ఫిలిప్ టెట్లాక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1980ల మధ్యలో మొదలుపెట్టి సుమారు 20 ఏళ్లు దీని మీదే కూర్చున్నారు. రాజకీయాలు, ఆర్థిక వ్యవహారాల మీద వ్యాఖ్యానించడమో సలహాలివ్వడమో వృత్తిగా ఉన్న 284 మందిని ఎంచుకుని, వాళ్లతో వేలాది అంచనాలు చెప్పించారు. "కావచ్చు, కాకపోవచ్చు" లాంటి జవాబులు కుదరవు. ఎంత శాతం అవకాశమో అంకెల్లో చెప్పాలి.

2005లో ఫలితాలు ప్రచురించారు. సగటు నిపుణుడు గుడ్డిగా ఊహించడం కంటే కాస్తే మెరుగు. "ఇప్పుడున్నట్టే ఉంటుంది" లాంటి సాదా సూత్రాన్ని కూడా చాలామంది దాటలేకపోయారు. ఇంకా ఆసక్తికరమైనది నిపుణుల మధ్య తేడా. ఒక్క పెద్ద సిద్ధాంతం పట్టుకుని అన్నిటినీ దానితోనే వివరించేవాళ్లు ఎక్కువగా తప్పారు. నాలుగు వైపుల నుంచి ముక్కలు ఏరుకుని, "అయితే", "కానీ" అంటూ మాట్లాడేవాళ్లు తక్కువగా తప్పారు. మీడియాలో గిరాకీ ఉన్నవాళ్ల అంచనాలు సగటున మిగతావాళ్ల కంటే బలహీనంగా ఉన్నాయి.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆరుగురు కూర్చున్న డిబేట్‌లో ఒక్కొక్కరికి వచ్చేది రెండు నిమిషాలు. "కులం లెక్క ఒకవైపు, సంక్షేమ పథకాల ప్రభావం ఇంకోవైపు, పట్టణాల్లో పరిస్థితి వేరు, నాకు 60 శాతం నమ్మకం ఉంది" అని చెప్పే మనిషిని ఛానల్ రెండోసారి పిలవడం అరుదు. "రాసిపెట్టుకోండి, 130 ఖాయం" అనే మనిషి క్లిప్ తిరుగుతుంది, థంబ్‌నెయిల్ ఎక్కుతుంది. మన కళ్లబడే విశ్లేషకులంతా ఈ జల్లెడలోంచి వచ్చినవాళ్లే. అందుకే వాళ్లను చూసి విశ్లేషణ అనే పనినే తిట్టిపోయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

టెట్లాక్ పనికి అభ్యంతరాలూ ఉన్నాయి. ఆయన అడిగిన ప్రశ్నల్లో కొన్ని ఏళ్ల తరబడి దూరం చూడాల్సినవి, ఎవరికైనా కష్టమే. నిపుణులంటే పనికిరానివాళ్లే అని జనం తన ఫలితాలను అతిగా అర్థం చేసుకున్నారని ఆయనే తర్వాత బాధపడ్డారు. 2011లో మొదలైన మరో ప్రాజెక్టులో వేలమంది మామూలు వలంటీర్లతో అంచనాలు చెప్పిస్తే, అందులో కొందరు ఏళ్ల తరబడి నిలకడగా బాగా చెప్పగలిగారు. వాళ్ల తెలివి సగటు కంటే ఎక్కువే. కానీ వాళ్లను విడదీసి చూపింది, కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా తమ అంకెను కొద్దికొద్దిగా సవరించుకునే అలవాటు. మన చర్చల్లో అలా సవరించుకున్న మనిషిని "మాట మార్చాడు" అంటాం.

ఆంధ్రా ఆక్టోపస్: రికార్డు ఎంతవరకు రుజువు?

"పాత రికార్డు చూడండి" అన్నది ఇలాంటి గొడవల్లో వినిపించే మంచి వాదన. అది ఎంతవరకు నిలబడుతుందో చూడటానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. విజయవాడ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వేలకు ఒకప్పుడు ఎంత పేరుందంటే, ఆయన్ను ఆంధ్రా ఆక్టోపస్ అనేవారు (ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫలితాలను ముందే చెప్పిందని పేరుపడ్డ ఆక్టోపస్‌తో పోల్చి). 2018 డిసెంబర్‌లో తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీ తదితర పార్టీల ప్రజాకూటమికి 65 సీట్లు, టీఆర్ఎస్‌కు 35 వస్తాయని, అటూఇటుగా 10 తేడా ఉండొచ్చని చెప్పారు. టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. 2019 మేలో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీకి 100, వైఎస్సార్సీపీకి 72 అన్నారు. వైఎస్సార్సీపీకి 151, టీడీపీకి 23 వచ్చాయి. ఆ తర్వాత ఇక సర్వేలకు దూరంగా ఉంటానని ప్రకటించారు.

ఇక్కడ రెండు వాదనలు నడిచాయి. అంతకుముందు వచ్చిన పేరు అదృష్టమేనన్నది ఒకటి. సర్వే పద్ధతి మంచిదే, ఈసారి ఆయన ఇష్టాలు అడ్డొచ్చాయన్నది రెండోది. ఏది నిజమో బయట ఉన్న సమాచారంతో తేల్చలేం. కానీ అదృష్టం వాదన అంత తేలికగా తీసేయాల్సింది కాదు. 32 మంది నాణెం ఎగరేసి వరసగా ఐదు ఎన్నికల్లో రెండు పార్టీల్లో ఏది గెలుస్తుందో చెప్పారనుకోండి. ఐదూ సరిగ్గా చెప్పేవాడు సగటున ఒకడు తేలతాడు. మిగతా 31 మందీ మన దృష్టికి రారు. ఆ ఒక్కడు స్టూడియోలో కూర్చుని తన పద్ధతి వివరిస్తుంటాడు. మన రాష్ట్రాల్లో ఎన్నికలు ఐదేళ్లకోసారి, సర్వేలు చేసేవాళ్లు డజన్ల కొద్దీ.

సీట్ల లెక్కలో ఇంకో చిక్కుంది. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్సీపీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 11. ఓట్ల వాటా దాదాపు ఒకటే, సీట్లు సగానికి సగం తేడా. అవతలివైపు ఓట్లు ఎలా కలిశాయి, ఏ నియోజకవర్గంలో ఎలా పంచుకున్నాయి అన్నదాన్ని బట్టి సీట్లు మారిపోతాయి. ఓట్ల వాటాను అచ్చంగా పట్టుకున్న విశ్లేషకుడు కూడా సీట్ల దగ్గర బోర్లాపడొచ్చు. హరియాణాలో బీజేపీకి, కాంగ్రెస్‌కు మధ్య ఓట్ల తేడా ఒక శాతం లోపే. అంత దగ్గరి పోటీలో యాదవ్ తప్పడం వేరు, పది శాతానికి మించి తేడా ఉన్న 2019 ఆంధ్ర ఎన్నికల్లో విజేతనే తారుమారు చేయడం వేరు. తప్పు, ఒప్పు అని రెండే గళ్లు పెడితే ఈ రెండూ ఒకే గడిలో పడతాయి. తప్పుల్లోనూ పెద్దవీ చిన్నవీ ఉంటాయన్నది చర్చల్లో కొట్టుకుపోతున్న అసలు సంగతి.

మరి రికార్డును న్యాయంగా కొలవడమెలా? వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లో ఒక సులువైన కొలత ఇచ్చారు. చెప్పిన అవకాశానికీ జరిగినదానికీ మధ్య తేడాను వర్గం చేయాలి, అంటే దాన్ని దానితోనే గుణించాలి. జరిగితే 1, జరగకపోతే 0. 90 శాతం అవకాశమంటే 0.9. సగటు ఎంత తక్కువుంటే అంత మంచి అంచనా.

ఇద్దరు విశ్లేషకులు పదేసి నియోజకవర్గాల్లో విజేతను చెప్పారనుకుందాం. ఇద్దరికీ ఏడు సరిపోయాయి, మూడు తప్పాయి. మొదటాయన ప్రతిసారీ 90 శాతం ఖాయం అన్నారు. సరైన ఏడింటికీ ఒక్కోటి 0.01, తప్పిన మూడింటికీ ఒక్కోటి 0.81. మొత్తం 2.50, సగటు 0.25. రెండో ఆయన ప్రతిసారీ 70 శాతం అన్నారు. సరైన వాటికి 0.09 చొప్పున, తప్పిన వాటికి 0.49 చొప్పున, మొత్తం 2.10, సగటు 0.21. ఇప్పుడు ఏమీ తెలియని మనిషి అన్నిటికీ 50 శాతం అన్నాడనుకోండి. ఆయన సగటు కూడా 0.25. అంటే పదిలో ఏడు సరిగ్గా చెప్పిన మొదటాయన, చూపించిన అతి ధీమా వల్ల, ఏమీ తెలియని మనిషితో సమానమయ్యాడు.

2016లో అమెరికాలో ఎన్నికల గణాంకాల నిపుణుడు నేట్ సిల్వర్ ట్రంప్‌కు 29 శాతం దాకా అవకాశం ఇచ్చారు. ట్రంప్ గెలవగానే సిల్వర్ కూడా తప్పారని గోల చేశారు. 29 శాతం అంటే మూడు నాలుగు సార్లలో ఒకసారి జరిగేది. అదే సమయంలో హిల్లరీ క్లింటన్ గెలుపు 98 శాతం ఖాయమన్నవాళ్లు ఉన్నారు. ఇద్దరూ తప్పారనడం కొలతబద్ద లేకుండా కొలవడమే.

"ఎవరి మనిషి?" అని అడగడం ఎప్పుడు న్యాయం?

తెలుగు మీడియాను ఎల్లో మీడియా, బ్లూ మీడియా, గులాబీ మీడియా అని రంగులతో పిలవడం మనకు అలవాటైపోయింది. విశ్లేషకుడు నోరు తెరవకముందే ఆయన రంగేమిటో చెప్పేస్తాం. దీనిపై రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. మనిషిని వదిలి వాదన చూడాలి, ఎవరు చెప్పారన్నది అనవసరం అన్నది ఒకటి. జీతమిచ్చేవాడి మాట జీతగాడి నోట వస్తుంది, కాబట్టి ముందు ఎవరి మనిషో తేలాలి అన్నది రెండోది.

రెండూ సగం సగం నిజం. ఎప్పుడు ఏది వర్తిస్తుందో చెప్పే గీత ఒకటుంది. విశ్లేషకుడు తన ఆధారాలన్నీ మన ముందు పెట్టాడనుకోండి: ఎన్నికల సంఘం అంకెలు, బడ్జెట్ పత్రాలు, కోర్టు తీర్పు. అప్పుడు ఆయన ఎవరన్నది నిజంగానే అనవసరం. శత్రువు చెప్పినా కూడిక కూడికే. కానీ "నా సర్వేలో తేలింది", "లోపలి వర్గాలు నాకు చెప్పాయి", "గ్రౌండ్‌లో తిరిగి చూశాను" అన్నప్పుడు ఆధారం ఆయన మాటే. మనం చూడలేని దాన్ని ఆయన్ను నమ్మి తీసుకోవాలి. అక్కడ ఆయన ఎవరి దగ్గర పనిచేస్తున్నాడన్న ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. దాన్ని వ్యక్తిగత దాడి అనడం కుదరదు.

మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఈ సంగతిని చాలా ముందే పట్టించుకుంది. గౌతముడి న్యాయసూత్రాల్లో ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి మాట ఒక ప్రమాణం, అంటే జ్ఞానం పొందే దారి. దానికి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడంటే ఎవరో చెబుతూ, విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి అన్నాడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా (పరాయివాడికైనా) ఈ లక్షణం ఒకటేనన్నాడు. అంటే పుట్టుక, హోదా, మన పక్షమా పరపక్షమా అన్నవి కొలతలో లేవు. పరిజ్ఞానం, నిజం చెప్పాలన్న ఉద్దేశం, ఈ రెండే. ఈ రోజు స్టూడియో చర్చలకు కూడా ఇంతకంటే సూటైన కొలబద్ద నాకు కనిపించలేదు.

స్వప్రయోజనం ఉన్నంత మాత్రాన మాట తప్పు కావాలని లేదనడానికి ప్రశాంత్ కిశోర్ మంచి ఉదాహరణ. 2020 డిసెంబర్‌లో ఆయన తృణమూల్ కాంగ్రెస్‌కు వ్యూహకర్త. పశ్చిమ బెంగాల్‌లో బీజేపీ రెండంకెలు దాటడం కష్టమని అప్పుడే ట్వీట్ చేశారు. స్వప్రయోజనం అంతకంటే స్పష్టంగా ఉండదు. అయినా 2021లో బీజేపీకి 77 వచ్చాయి, ఆయన మాటే నిజమైంది. 2019లో జగన్ ప్రచారాన్ని నడిపిన ఆయన, 2023 డిసెంబర్‌లో చంద్రబాబును కలిశారు. 2024లో జగన్ ఓడిపోతారని చెబితే వైఎస్సార్సీపీవైపు నుంచి టీడీపీ మనిషన్న విమర్శ వచ్చింది. వైఎస్సార్సీపీ 11 సీట్లకు పడిపోయింది. అదే రోజుల్లో బీజేపీకి మునుపటిలాగే 300 దరిదాపుల్లో వస్తాయనీ చెప్పారు. అది తప్పింది. ఒకే మనిషి, ఒకే నెల, రెండు రాజకీయ అంచనాలు: ఒకటి నిలిచింది, ఒకటి కూలింది. ఎవరి మనిషి అన్న ప్రశ్న ఒక్కటే వేసి ఉంటే ఏది నిలుస్తుందో తెలిసేది కాదు.

ఒకే వార్త, ఇరుపక్షాలకూ శత్రువు

నిజాయితీ మీద మనం ఇచ్చే తీర్పులోనూ ఒక లోపముంది. 1982లో బేరూత్‌లోని సబ్రా, షతీలా శిబిరాల్లో మారణకాండ జరిగింది. దాని గురించి అమెరికన్ టీవీల్లో వచ్చిన వార్తలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇజ్రాయెల్ పక్షపాతులైన విద్యార్థులకు, అరబ్బుల పక్షపాతులైన విద్యార్థులకు చూపించారు. చూసింది అవే వార్తలు. వార్తలు తమకు వ్యతిరేకంగా ఉన్నాయని ఇరుపక్షాలూ అన్నాయి. 1985లో ప్రచురితమైన ఈ అధ్యయనం మన అనుభవానికి చాలా దగ్గర. అమరావతి మీద ఒక విశ్లేషకుడు ఖర్చునూ ప్రయోజనాన్నీ రెండింటినీ చెబితే, రెండు శిబిరాల్లోనూ ఆయన అమ్ముడుపోయినవాడే.

దీన్నిబట్టి ఇరువైపులా తిట్లు తినేవాడే నిష్పాక్షికుడు అనుకోవడం కూడా తప్పే. అందరికీ కోపం తెప్పించేలా తప్పుగా మాట్లాడటమూ సాధ్యమే. ఆ తిట్లు తిన్నవాడి గురించి కంటే తిట్టినవాళ్ల గురించే ఎక్కువ చెబుతాయి.

తెగని గొడవ ఎలా తయారవుతుంది

న్యాయసూత్రాలే చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండం. విశ్లేషకుల మీద నడిచే పోట్లాటలు ఎక్కువగా మూడో రకంలోకి జారతాయి. "మీ ఆయన ఫలానా ఎన్నికల్లో తప్పాడుగా" అంటే, జవాబుగా వచ్చేది "మీ ఆయన ఇంకో ఎన్నికల్లో తప్పలేదా?" అసలు ఇప్పుడు ఆయన చెప్పిన మాట ఏమైందో ఎవరికీ గుర్తుండదు.

దీనికి పరికరాలూ సాయపడుతున్నాయి. గంట ఇంటర్వ్యూలోంచి 30 సెకన్ల ముక్క కోస్తే "నా అంచనా తప్పు కావచ్చు కానీ" అన్న మొదటి సగం పోతుంది, రెండో సగం మిగులుతుంది. తప్పిన జోస్యం వీడియో మాయమవుతుంది, నిజమైంది మళ్లీ అప్‌లోడ్ అవుతుంది. జోస్యాలు చెప్పే తీరు కూడా తప్పించుకోవడానికి వీలుగానే ఉంటుంది. "ప్రభుత్వం ఇబ్బందుల్లో పడుతుంది" అన్న మాట ఎప్పటికి, ఎంత అని చెప్పనంతకాలం ఎన్నటికీ తప్పు కాదు. అంకె చెప్పి తప్పిన మనిషిని నవ్వులపాలు చేసి, అంకె చెప్పకుండా గాల్లో మాట్లాడే మనిషిని గౌరవిస్తే, అంకెలు చెప్పేవాళ్లే తగ్గిపోతారు. అంకె చెప్పి బహిరంగంగా తప్పినవాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ. 2024లో ఎన్డీయేకు 361 నుంచి 401 అని చెప్పిన ఎగ్జిట్ పోల్ సంస్థ యాక్సిస్ మై ఇండియా అధిపతి ప్రదీప్ గుప్తా, ఫలితాల రోజు లైవ్‌లో కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన్ను ఎగతాళి చేస్తూ ఆ క్లిప్ దేశమంతా తిరిగింది. 2019లో అదే సంస్థ 339 నుంచి 365 అని చెబితే అసలు ఫలితం ఆ హద్దుల మధ్యే పడిందన్న సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు.

దీనివల్ల నష్టం మాటలతో పోయేది కాదు. 2024 ఎగ్జిట్ పోల్స్ నమ్మి జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగిసింది. మర్నాడు 4,300 పాయింట్లకు పైగా పడింది. ఆ రెండు రోజుల్లో కొన్నవాళ్లలో చిన్న మదుపరులూ ఉన్నారు.

జోస్యాల లెక్కలో పడని పని

రికార్డు చూడాలన్న వాదనకు ఒక హద్దుంది. మంచి విశ్లేషకులందరూ జోస్యం చెప్పరు. విభజన చట్టంలోని ఒక సెక్షన్ ఏం చెబుతోందో, కృష్ణా జలాల వాటా మీద ట్రిబ్యునల్ ఏమందో, రాష్ట్రం అప్పు ఏ లెక్కలో చూపిస్తున్నారో విడమరిచి చెప్పేవాళ్ల పని గెలుపోటములతో కొలిచేది కాదు. వాళ్లను కొలవాల్సింది పత్రంలో ఉన్నది ఉన్నట్టు చెప్పారా, తమ వాదనకు అడ్డొచ్చే పేజీని దాచారా అన్నదానితో. ఇలాంటి తప్పు ఎన్నికల తప్పులా ఒక్క రోజులో బయటపడదు. పత్రం చదివిన ఇంకొకరు ఉండాలి.

మాట్లాడే హోదా మారితే కొలత మారాలా అన్నది ఇంకా తెగని ప్రశ్న. 2024 జూన్‌లో తన అంచనా తప్పిందని ప్రశాంత్ కిశోర్ ఒప్పుకుని, ఇక సీట్ల అంకెలు చెప్పనన్నారు. 2025లో బిహార్‌లో సొంత పార్టీ జన్ సురాజ్ నాయకుడిగా, నీతీశ్ కుమార్ పార్టీ జేడీయూకు 25కు మించి రావని, వస్తే రాజకీయాలు వదిలేస్తానని చెప్పారు. జేడీయూకు 85 వచ్చాయి, జన్ సురాజ్‌కు ఒక్కటీ రాలేదు. ప్రచారంలో ఏ నాయకుడైనా గెలుస్తాననే అంటాడు, దాన్ని విశ్లేషకుడి ఖాతాలో రాయకూడదని కొందరంటారు. జనం ఆయన అంకెను విన్నదే పాత పేరు చూసి కాబట్టి రాయాల్సిందేనని ఇంకొందరంటారు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. అంత కచ్చితంగా అంకె చెప్పి నమ్మమన్నప్పుడు, ఆ నమ్మకం పాత ఖాతా నుంచే తీసుకున్నది.